సాంచల మీద పడక

కనేరి, భివండీ
సెప్టెంబరు

భూషణ్ బావకు,

నువ్వు బాగానే ఉంటావు, కొండగాలి తింటున్నావు కాబట్టి ఆ ప్రశ్న అడగను. మీ క్యాంపులో టవర్ లేదని, కంచరగాడిదల వాడు వారానికోసారి దిగి టపా తెస్తాడని మీ కార్ఖానా అమోల్ చెప్పాడు. టవర్ ఉన్నా మా ఒంటిగది ఖోలీలోంచి మాట్లాడలేను. కింద కార్ఖానాలో పన్నెండు కరెంటు మగ్గాలు, మన సాంచలు, దడదడమని గుడ్డ నేస్తుంటే, ఫోన్లో అవతలి మనిషి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు. మన తెలుగు బడిలో పంతులు చెవి మెలిపెట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి.

బాపును ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేశాను. నలభై ఏళ్ళు మీ సాంచల దగ్గర పీల్చిన పత్తి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇక ఇంటిదగ్గర హాయిగా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం నీకు వేరే చెప్పక్కర్లేదు. చెవులు ఎప్పుడో పోయాయి కదా, ఇప్పుడు అరిచినా వినపడదు. కార్ఖానాలో మీరంతా చేసుకునే చేతి సైగలతోనే నాతో మాట్లాడుతున్నాడు.

హాయి అన్నారు కదా అని ఒక మంచం కొన్నాను. ఎక్కనన్నాడు. మనవాళ్ళు ప్రాణం పోయే మనిషిని మంచం మీంచి నేలకు దించుతారు, అదీ ఆయన భయం. "మంచమెక్కితె ఇగ దింపుడే ఉంటది బిడ్డా, నేను కిందనే ఉంట" అన్నాడు. జన్మంతా నైట్ డ్యూటీ చేసి, పొద్దున పైకొచ్చి, ఈ బండల మీదే బొంత పరుచుకుని పడుకున్న మనిషి. అప్పుడు ఒంటి మీద కండ ఉంది. ఇప్పుడు తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, చర్మం ఎర్రబడి పుండ్లవుతోంది. బొంతను నాలుగు మడతలు వేసినా రాయిలాగే ఉంటోంది.

నేను కాల్హేర్ గోదాములో వాపసు సామాను విప్పి చూసే పనిలో ఉన్నాను. జనం ఎందుకు వాపసు చేశారో కాగితం మీద రాసి పంపుతారు. ఒకామె కుక్కర్ వాపసు చేస్తూ 'మా అత్తకు నచ్చలేదు' అని రాసింది. పోయిన వారం కొండల్లో డేరా వేసుకుని పడుకునేవాళ్ళ పరుపొకటి వచ్చింది. నీళ్ళ సీసా అంత చుట్ట, గాలి కొడితే మనిషి పొడుగు. 'కింద నేల తెలుస్తోంది' అని కారణం రాశారు. సూపర్వైజరు అటు తిరగగానే నేను దాని మీద ఒరిగి చూశాను. నాకే నేలా తెలియలేదు, నిద్ర మాత్రం ముంచుకొచ్చింది. లేచి నిలబడేసరికి బాపు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఆ పరుపుల్లో సవాలక్ష రకాలున్నాయి. ఏది కొనాలో నాకు తెలియదు. సదానందం మామ పోయాక సాంచలు నీ పేరు మీదికొచ్చాయి, నువ్వేమో అమోల్‌కు పనివాళ్ళను చూసుకునే ముకాదమ్ పని అప్పజెప్పి కొండలెక్కావు. ఆ ఎక్కిన పుణ్యానికి ఒక మంచి మాట చెప్పు. బాపుకు ఎలాంటిది తేవాలి?

ఆర్తి

*

మనాలి పైన, క్యాంపు
అక్టోబరు

ఆర్తీ,

నీ ఉత్తరం ఉప్పు బస్తా మీద కూర్చుని వచ్చింది, ఒక మూల తడిసింది. దేవయ్య మామ సంగతి చదివి ఆ పూట అన్నం సయించలేదు. నన్ను సాంచ దగ్గర నిలబెట్టి తెగిన పోగు ముడేయడం నేర్పింది ఆయనే. మా నాయిన తిట్టేవాడు, మామ నేర్పేవాడు.

పరుపు సంగతికొస్తాను. ఇందులో మూడు తీర్లుంటాయి. ఒకటి ఉత్త ఫోమ్ చాప. చవక, తేలిక, ముల్లు గుచ్చుకున్నా చావదు, కానీ కుర్రవాళ్ళకే పనికొస్తుంది. రెండోది మూత తిప్పితే దానంతటదే గాలి పీల్చుకునేది, లోపల మెత్తటి స్పాంజి ఉంటుంది. బాగుంటుంది కానీ బరువు. మూడోది పూర్తిగా గాలి పరుపు. నాలుగంగుళాల మందం వస్తుంది, పక్కకు తిరిగి పడుకునే వాళ్ళకు అంతకు మించింది లేదు. కదిలితే గరగరమని చప్పుడు చేస్తుందని మా టూరిస్టులు గొణుగుతారు. మామకు ఆ బాధ లేదు.

వీపున మోసేవాళ్ళు బరువు చూస్తారు. మంచులో పడుకునేవాళ్ళు కింది నుంచి చలి ఎక్కకుండా చూస్తారు. పైన ఎన్ని రగ్గులు కప్పినా కింది నుంచి ఎక్కే చలికి మనిషి బిగుసుకుపోతాడు. భివండీలో ఆ రెండూ అక్కర్లేదు. మామకు మందమే ముఖ్యం, గాలి పరుపే తీసుకోవాలి. గాలి మరీ బిగుతుగా కొట్టకు, జారుతుంది. నోటితో ఊదకు, తడి చేరి లోపల బూజు పడుతుంది. ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పరుపు కింద తుంటి దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఎముక తగిలితే గాలి తక్కువైనట్టు. రెండు మూతలుంటాయి. చిన్నదాంతో కొంచెం కొంచెం తీయొచ్చు. పెద్దది తెరిచావంటే గాలంతా ఒక్కసారే పోతుంది, జాగ్రత్త.

నువ్వేం కొనొద్దు. నా దగ్గర కొత్తదొకటి ఉంది, ఠాణే వెళ్ళే టూరిస్టు చేత పంపుతున్నాను. పడుకున్నవాడికి కింద రాయి ఉందో మంచు ఉందో తెలియకూడదు, మంచి పరుపంటే అదే. ఇది అలాంటిది.

మామ సాంచల గురించి ఏమైనా అడుగుతున్నాడా? కార్ఖానా లెక్కల గొడవలతో అమోల్ చికాకుగా ఉన్నాడు, నువ్వు పోయి ఏమీ అడక్కు.

భూషణ్

*

కనేరి
అక్టోబరు చివర

బావకు,

నీ పరుపు అందింది. నువ్వు చెప్పినట్టే గాలి కొట్టి, పక్కకు తిప్పి, చెయ్యి పెట్టి చూశాను. ఎముక తగల్లేదు. బాపు ముఖం విప్పారింది. "దూది మూట మీద పండుకున్నట్టున్నదే" అన్నాడు. నీకు పది దండాలు పెట్టుకుని అన్నం వండటానికి లేచాను.

బియ్యం కడిగేలోపల కళ్ళు తెరిచాడు. రెండు పిడికిళ్ళూ దగ్గరికి తెచ్చి విడదీశాడు, సాంచలు బందయ్యాయా అని. నడుస్తున్నాయని సైగ చేశాను. నమ్మలేదు. కరెంటు పోయిందా అన్నాడు, హర్తాళా అన్నాడు, ఎవరైనా చెయ్యి పెట్టి నలిగారా అన్నాడు. అమోల్‌ని పైకి పిలిపించాను. అమోల్ చేతులు ఊపుతూ నవ్వుతూ అన్నీ నడుస్తున్నాయని చెప్తే, మీరంతా ఒక్కటయి నా దగ్గర దాస్తున్నారని ఏడ్చాడు. బాపు ఏడవడం అమ్మ పోయిన రోజున చూశాను, మళ్ళీ ఇదే.

తర్వాత తనే పరుపు మీంచి జరిగి, బండ మీద అరచెయ్యి పెట్టాడు. చెంప ఆనించాడు. బోర్లా పడుకున్నాడు. అలా పడుకుని శాంతించాడు. "నడుస్తున్నయ్. ఏడో నెంబర్ పట్టా జారుతున్నది, చెప్పు వానికి" అన్నాడు. అమోల్ కిందికెళ్ళి చూస్తే బెల్టు నిజంగానే జారుతోంది.

బావా, ఇన్నేళ్ళూ బాపుకు వినపడదనుకున్నాను. వీపుతో వింటున్నాడు. పగలు పడుకున్నప్పుడు కింది సాంచల అదురు బండల్లోంచి ఒంట్లోకి వస్తుంటే ఆయనకు నిద్ర పడుతుంది. పసిపిల్లకు ఉయ్యాల ఊపినట్టు. నేను తీసుకెళ్ళి నాలుగంగుళాల గాలి మీద పెట్టి నిజంగా చెవిటివాణ్ణి చేశాను. నా మీద నాకే కోపమొచ్చింది, నీ మీద కూడా వచ్చింది, నిజం చెప్తున్నాను.

ఇప్పుడు పరుపు వద్దంటున్నాడు. బండ మీదే పడుకుంటాడు, పుండు పగిలింది. చిన్న మూత తిప్పి సగం గాలి తీసి చూశాను. సాంచలు తెలుస్తున్నాయి కానీ ఎముక నేలకు తగులుతోంది. ఎముకకు నేల తగలకూడదు, వీపుకు సాంచ తెలియాలి. అలాంటి పరుపు మీ కొండల్లో ఉందా?

ఆర్తి

*

క్యాంపు
నవంబరు

ఆర్తీ,

చాలా రకాల పరుపులు అమ్మాను, అద్దెకిచ్చాను, వాటి మీద పడుకున్నాను. నేల తెలిసే పరుపు కావాలని ఎవరూ అడగలేదు. నేలను మరిచిపోవడానికే జనం వీటిని కొంటారు.

అలాంటి పరుపు దొరకదు, మనమే చేసుకోవాలి. మూడు మడతలు పడే గట్టి ఫోమ్ చాప ఒకటి కొను. గాలిది కాదు. దాన్ని తుంటికి సరిపడా కోసి, పుండున్న చోట గుండ్రంగా బొక్క చెయ్యి, పుండు దేనికీ ఆనదు. నడుము కిందే వెయ్యి. భుజాలు, తల, మడమలు నేల మీదే ఉండనీ, ఒక్క వరస బొంత చాలు. ఆయన వినేది భుజం ఎముకలతో అయి ఉంటుంది.

ఒక్క మాట విను. గాలి పరుపు మాత్రం పారేయకు. రోజూ కాసేపు దాని మీద పడుకోబెట్టి అలవాటు చెయ్యి. మొదట్లో ఏడుస్తాడు, తర్వాత సర్దుకుంటాడు. సాంచలు ఉన్నా లేకున్నా మామకు నిద్ర పట్టాలి కదా.

ఇక్కడ గుడారాల మీద మంచు పడటం మొదలైంది. రోజూ పొద్దున్నే దులుపుతున్నాం.

భూషణ్

*

కనేరి
నవంబరు

భూషణ్‌కు,

నువ్వు చెప్పినట్టు ఫోమ్ కోశాను. బాపు నాలుగు రోజులుగా నిద్రపోతున్నాడు. ఇది నీ పుణ్యమే, కాదనను.

'సాంచలు ఉన్నా లేకున్నా' అని రాశావు. ఆ మాట దగ్గర ఆగాను. గోదాములో వాపసు కాగితాలు చదివి చదివి నాకొక గుణం వచ్చింది. మనిషి అవసరం లేని మాట ఎక్కడ రాస్తాడో అక్కడే అసలు సంగతి ఉంటుంది. అమోల్‌ని అడిగాను. నువ్వు అడగొద్దన్నావని కూడా చెప్పాను. అతను తల దించుకుని, పాత ఇనుము కొనే భంగార్‌వాలా వచ్చి సాంచలు తూకం అంచనా వేసుకుపోయాడని, కార్ఖానా జాగా గోదాము కట్టేవాళ్ళకు పోయిందని, నీ సంతకం ఆగస్టులోనే అయిందని చెప్పాడు.

ఆగస్టు. నేను నీకు మొదటి ఉత్తరం రాయకముందు. తుంటి కింద చెయ్యి పెట్టి చూడు, నోటితో ఊదకు అని నువ్వు అంత ఓపిగ్గా రాస్తుంటే, మా బావకు ఎంత ప్రేమ అనుకున్నాను. నాలుగంగుళాల మందం ఎందుకో ఇప్పుడర్థమైంది.

అమ్ముకో. నీ సొత్తు. సాంచలు నష్టాల్లో నడుస్తున్నాయని భివండీలో ఎవరికి తెలియదు? ఈ సందులో సగం కార్ఖానాలు ఇప్పటికే గోదాములయ్యాయి, నేను తినేదీ గోదాము కూడే. నా కోపం అందుకు కాదు. నాకు చెప్పకుండా మా బాపు వీపు కింద గాలి కొట్టించావు, అదీ నా చేత్తో.

ఒక్కటి అడుగుతాను. డాక్టరు ఎక్కువ రోజులు చెప్పలేదు. బాపు పోయేదాకా సాంచలు నడవనీ. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆయన పోయిన మర్నాడు కోసుకుపోమను, నేనే తలుపు తీస్తాను.

ఆర్తి

*

క్యాంపు
నవంబరు చివర

ఆర్తీ,

నువ్వు రాసిందంతా నిజం. పరుపు ఎంచినప్పుడు నాకు తెలుసు. మామకు సాంచల అదురు మీద తప్ప నిద్ర రాదని కూడా తెలుసు. నైట్ డ్యూటీ దిగాక మా ఇంట్లో పడుకోమంటే, ఇక్కడ నేల చచ్చిపోయి ఉందిరా అనేవాడు. అందుకే మందమైనది పంపాను. సాంచలు ఆగే ముందే పరుపు అలవాటైతే, ఆగిన సంగతి తెలియకుండానే వెళ్ళిపోతాడనుకున్నాను. నీకు చెప్తే నువ్వు ఆపమంటావు, ఆపడం నా చేతిలో లేదు. అందుకే చెప్పలేదు. పిరికితనం అను, ఏమన్నా పడతాను.

ఉత్తరం అందగానే రెండు కొండలు దిగి ఫోన్ చేశాను. గోదాము వాళ్ళు ఒప్పుకోలేదు. డిసెంబరు మొదటి వారంలో కోత మొదలవుతుంది. మనిషి పోతున్నాడని చెప్పాను. ఎప్పుడు పోతాడని అడిగారు.

అమోల్‌తో మాట్లాడాను. ఏడో నెంబర్ సాంచను అన్నిటికంటే చివర కోసేలా చూస్తానన్నాడు. మిగతావి కోసేశాక పొద్దున పూట దాన్ని కాసేపు పోగు లేకుండా ఖాళీగా నడిపిస్తాడు. నువ్వు కోతకు ముందే మామను గాలి పరుపు మీదికి మార్చి, ఏడో నెంబర్ నడిచే ఆ కాసేపు చిన్న మూత తిప్పి కొంత గాలి తియ్యి. ఒక్కటే నడుస్తోందని ఆయనకు తెలియకపోవచ్చు. తర్వాత మళ్ళీ గాలి కొట్టు, ఏమీ తెలియకపోతే అది పరుపు మందం వల్లే అనుకుంటాడు.

నేనేం రాస్తున్నానో నాకు తెలుసు. ఇంతకంటే మంచి దారి దొరకలేదు. మంచు దారి తెరవగానే బయల్దేరతాను.

భూషణ్

*

కనేరి
డిసెంబరు

బావకు,

అయిపోయింది. నిన్న కోశారు.

ముందు రోజే బాపును నీ పరుపు మీదికి మార్చాను. పుండు ఎక్కువైందని, డాక్టరు చెప్పాడని సైగ చేశాను. నోటితో చెప్పాల్సి వస్తే గొంతు పట్టిచ్చేదేమో, చేతితో అబద్ధం సులువుగానే వచ్చింది. ఆయన పరుపు మీద చెయ్యి ఆడించి, సరే అన్నాడు.

కోత రోజున నాకు సెలవు దొరకలేదు. పండగ అమ్మకాల వాపసు సామాను కొండలా పడి ఉంది. వెళ్ళే ముందు గాలి నిండా కొట్టాను. కాల్హేర్‌లో పొద్దంతా ఏ డబ్బా విప్పానో, ఏ కాగితం చదివానో తెలియదు. సాయంత్రం మన సందులోకి వచ్చేసరికి భంగార్ టెంపో వెళ్ళిపోతోంది. కార్ఖానా తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద నూనె మరకలు, పదకొండు సాంచల కాళ్ళ గుంతలు. ఏడో నెంబర్ ఒక్కటి నడిమధ్యన నిలబడి ఉంది. సందంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా వినపడింది. పుట్టిన దగ్గర్నుంచి ఈ సందులో నా చెప్పులు నేను వినలేదు.

భయం భయంగా పైకెళ్ళాను. బాపు మెలకువగానే ఉన్నాడు. తిన్నావా అని అడిగాడు. నీళ్ళు తాగాడు. సాంచల మాట ఎత్తలేదు. ఈ పొద్దున అమోల్ ఏడో నెంబర్ నడిపాడు, నేను కాస్త గాలి తీశాను. బాపు కళ్ళు మూసుకుని పడుకున్నాడు, ముఖం ప్రశాంతంగా ఉంది.

నీ పరుపు పనిచేసింది బావా. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, హాయిగా కూడా ఉంది.

ఆర్తి

*

మనాలి
డిసెంబరు

ఆర్తీ,

కిందికి దిగాను. నీ ఉత్తరం ఇక్కడ పోస్టాఫీసులో అందింది. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మామకు తెలియలేదు, అది చాలు నాకు. రోడ్డు తెరిచారు, టికెట్ దొరకగానే వస్తాను. ఆయన్ని చూసుకో. ఏడో నెంబర్‌ను ఇంకొన్నాళ్ళు ఉంచమని అమోల్‌కు చెప్పాను.

భూషణ్

*

పూర్ణ, భివండీ
జనవరి

బావకు,

దినాలకు వచ్చావు. గుండు చేయించుకుని అందరి మధ్యా కూర్చున్నావు, అన్నం తిన్నావు, రైలెక్కావు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నీ చివరి ఉత్తరం బాపు పోయిన తర్వాత నాకందింది. నువ్వు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానన్న మాట చదివాక, ఇది రాయకుండా ఉంటే నేను నిద్రపోలేనని అర్థమైంది.

కోత అయిన ఐదారు రోజులకు, పొద్దున అమోల్ ఎప్పటిలాగే ఏడో నెంబర్ నడిపాడు. నేను చిన్న మూత తిప్పుతుంటే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క సాంచనే నడుస్తున్నది. అది గూడ ఖాళీగ" అన్నాడు. "అమోల్‌కు చెప్పు, బందు వెట్టుమను. పోగు లేకుంట సాంచ నడపద్దు, నాడె కొట్టే కర్ర ఇరుగుతది."

కాదని సైగ చేయబోయాను. చేతులు దించేశాను. ఎప్పుడు తెలిసిందని అడిగాను. కోసిన రోజే అన్నాడు. ఒక్కో సాంచను కోసి కింద పడేస్తుంటే గోడలు అదిరి, నీ నాలుగంగుళాల గాలి కూడా అదిరిందట. పొద్దంతా ఒక్కడే పడుకుని పడ్డవాటిని ఎంచుకున్నాడు. పదకొండు పడ్డాక పన్నెండోదాని కోసం ఎదురుచూశాడు, అది పడలేదు. మిగిలింది ఏడో నెంబరేనని మర్నాడు పొద్దున దాని అదురు పట్టి పోల్చుకున్నాడు.

మరి నన్నెందుకు అడగలేదు బాపూ అన్నాను. నా పెదాలు చూసి చదువుకున్నాడు.

"అడిగితె నువ్వు మల్ల అబద్ధం చెప్పాలె గద బిడ్డా. గప్పటికే అలిసినవ్."

ఆ ఐదారు రోజులూ ఆయన కళ్ళు మూసుకుని పడుకుంటే నేను ప్రశాంతం అనుకున్నాను. నీకు ఉత్తరం కూడా రాశాను. ఆయన నిద్రపోలేదు బావా. నేను కొట్టిన గాలి మీద, నన్ను సంతోషపెట్టడానికి, నిద్రపోయినట్టు పడుకున్నాడు. మనిద్దరం ఆయనకు తెలియకుండా కాచామనుకున్నాం. ఆయన మనకు తెలియకుండా కాచాడు.

నీ సంగతి కూడా అర్థం చేసుకున్నాడు. పరుపు మీద చెయ్యి వేసి, "మంచిదే పంపిండు పోరడు, వాన్ని ఏమనకు" అన్నాడు. నేను ఏమీ అనను. ఆయన మాట.

తర్వాత గాలి తీసేయమన్నాడు. పుండు నొప్పి పెడుతుందని చెప్పాను. పెట్టనీ అన్నాడు. నువ్వు జాగ్రత్త అన్న ఆ పెద్ద మూత తెరిచాను. బుస్సుమని ఒక్కసారే పోయింది. ఎముక నేలకు తగిలినప్పుడు పళ్ళు బిగబట్టాడు. రెండు అరచేతులూ బండ మీద ఆనించాడు. ఏడో నెంబర్ ఇంకా కొట్టుకుంటోంది. నేను కిటికీలోంచి కింద తలుపు దగ్గరున్న అమోల్‌కు పిడికిళ్ళు చూపించాను. సాంచ ఆగిందని నాకు చెవులతో తెలిసింది, బాపు ముఖంలో కూడా తెలిసింది. "అయిపాయె" అన్నాడు. చేతులు మాత్రం తీయలేదు, ఇంకా ఏదో వస్తుందన్నట్టు అలాగే ఉంచాడు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళిపోయాడు. నేల మీదే ఉన్నాడు కాబట్టి ఎవరూ దించాల్సిన పని పడలేదు.

మనవాళ్ళు ఆచారం ప్రకారం ఆయన పడుకున్న బొంతను, ఫోమ్ ముక్కను కాటికి తీసుకెళ్ళి పారేశారు. గాలి తీసిన నీ పరుపు మూలకు పడి ఉంటే అదేదో సంచి అనుకుని వదిలేశారు. నేను ఖోలీ ఖాళీ చేసి పూర్ణ వచ్చేశాను, గోదాము వాళ్ళు ఇక్కడ పని ఇచ్చారు. ఇక్కడ నేల కూడా అదురుతుంది, ట్రక్కులు వెళ్ళినప్పుడు. ఒక్కోసారి ఉలిక్కిపడి అరచెయ్యి నేల మీద పెడుతున్నాను.

పరుపును కడిగి, ఆరబెట్టి, చుట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఎక్కడా చిరగలేదు, రెండు మూతలూ బిగుతుగానే ఉన్నాయి, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అలవాటు కొద్దీ వాపసు చీటీ కూడా రాసి అంటించాను. కారణం రాసే చోటు కూడా నింపాను. నువ్వు పార్సెల్ విప్పగానే కనపడేది అదే కాబట్టి ముందే చెప్తున్నాను.

'కింద నేల తెలియడం లేదు' అని రాశాను.

ఆర్తి